సరిహద్దుకు ఈవల నుండి చూచిన ఆంధ్రకేసరి

జోలార్పేట కూడలి నుండి బెంగళూరు వైపు సాగే రైలు పచ్చూరు దాటి మల్లానూరు చేరేసరికి రాష్ట్రం మారిపోతుంది. కిటికీలోనుండి చూచేవారికి ఆ మార్పు కనబడదు. అవే ఎర్రనేలలు, అవే చింతచెట్లు, అవే గుట్టలు. దిగేవారిలో సగం మంది ఈవలి ఊళ్ళవారికి బంధువులే. గుడియాత్తం నుండి పలమనేరు పోయే దారిలోనూ ఇదే అనుభవం. పెళ్ళిసంబంధాలు, సంతలు, జాతరలు గీతను లెక్కచేయవు. కాని బడి, న్యాయస్థానం, రేషను కార్డు, ఓటు మాత్రం గీతకు కట్టుబడి నడుస్తాయి.

ఈ గీత ఎప్పుడు పడింది, ఎందుకు ఇక్కడే పడింది అని తరగతిలో పిల్లలు అడుగుతూ ఉంటారు. పటం చూపి తేదీలు చెబితే వారికి తృప్తి కలగదు. ఆ కాలంలో నడిచిన ఒక మనిషి కథ చెబితే వింటారు. అందుకు టంగుటూరి ప్రకాశం పంతులు గారి జీవితం కన్న తగినది మరొకటి లేదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రాన్ని పాలించినవారు ఆయనే, అందులోనుండి విడిపోయిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రీ ఆయనే. విడిపోయిన ఇంటికి, మిగిలిన ఇంటికి కూడ ఒకప్పుడు పెద్దగా ఉన్న ఆ మనిషి గురించి సరిహద్దు పల్లెలలోని మనం తెలుసుకోవలసింది ఎంతో ఉన్నది.

పూటకూళ్ళ ఇంటి నుండి లండను వరకు

ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. తండ్రి గోపాలకృష్ణయ్య గారు, తల్లి సుబ్బమ్మ గారు. పసితనం దాటకముందే తండ్రి మరణించారు. ఆస్తిపాస్తులు లేని కుటుంబం. తల్లి ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను పోషించారు. నాటి సమాజంలో ఒక వితంతువు అన్నం వండి అమ్ముకొని బ్రతకడం ఎంత కష్టమో, ఎన్ని మాటలు పడవలసివచ్చేదో ఊహించుకోవచ్చు. పరీక్ష రుసుము కట్టడానికి కూడ చేతిలో డబ్బులేని రోజులు ఆ బాలుడు చూచాడు.

ఆ దశలో ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారనే ఉపాధ్యాయుడు ఆయనను చేరదీశారు. కులం వేరైనా కన్నబిడ్డవలె చూచుకొని, తాను రాజమహేంద్రవరానికి వెళ్ళినప్పుడు శిష్యుని వెంట తీసుకొని వెళ్ళి చదివించారు. నాయుడు గారికి నాటకాలంటే మక్కువ. గురువు వెంట ప్రకాశం గారు కూడ వేషాలు కట్టారు. వేలాది జనం ముందు జంకులేకుండా నిలబడే ధైర్యం ఆ రంగస్థలం మీదనే అలవడిందనుకోవచ్చు. ఒక బడిపంతులు చేసిన సాయం ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రిని ఇచ్చిందన్న మాట ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న నావంటివారికి గర్వకారణం.

మద్రాసులో న్యాయశాస్త్రం చదివి రాజమహేంద్రవరంలో రెండవ తరగతి ప్లీడరుగా వృత్తి ప్రారంభించారు. కొద్దికాలంలోనే పేరు, ధనం రెండూ వచ్చాయి. ఆ పట్టణ పురపాలక సంఘానికి అధ్యక్షులు కూడ అయ్యారు. అయితే పెద్ద న్యాయస్థానంలో వాదించాలంటే బారిష్టరు పట్టా కావాలి. మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చి 1904లో ఇంగ్లండు వెళ్ళారు. అక్కడ దాదాభాయి నౌరోజీ గారు పార్లమెంటుకు పోటీచేసినప్పుడు ఆయన కోసం పనిచేశారు. 1907లో బారిష్టరుగా తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో వృత్తి మొదలుపెట్టారు. వచ్చిన ఏడాదిలోనే బిపిన్ చంద్రపాల్ గారి మద్రాసు సభకు అధ్యక్షత వహించారు. ప్రభుత్వానికి భయపడి పెద్దలు వెనుకాడిన సభ అది.

సంపాదించినదంతా ఒక పత్రికకు

మద్రాసు బారులో అగ్రశ్రేణి న్యాయవాదులలో ప్రకాశం గారు ఒకరయ్యారు. ఇళ్ళు, భూములు, బండ్లు అన్నీ సమకూరాయి. పూటకూళ్ళ ఇంటి బిడ్డకు అది సామాన్యమైన ఎదుగుదల కాదు. మరొకరైతే అక్కడ ఆగిపోయేవారు. గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చినప్పుడు 1921లో ఆయన కోర్టును విడిచిపెట్టారు. అదే సంవత్సరం అక్టోబరు 29న స్వరాజ్య పత్రికను ప్రారంభించారు.

ఆ పత్రిక ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషలలో వెలువడింది. ఈ విషయం సరిహద్దువాసులమైన మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది. మద్రాసు నగరంలో నివసించే తెలుగు నాయకుడు తమిళులకు తమిళంలోనే చెప్పాలని తలచాడు. తరువాతి కాలంలో మద్రాసు ఎవరిదన్న తగవులో ఆయన తెలుగువారి పక్షాన గట్టిగా నిలబడినా, తమిళ భాషపై ద్వేషంతో అలా చేయలేదనడానికి ఆ పత్రికే సాక్ష్యం.

పత్రిక నడపడం వ్యాపారమని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఖర్చు పెరిగింది, రాబడి తగ్గింది, ప్రభుత్వ నిర్బంధం తోడైంది. ఆయన ఆస్తి ఒక్కొక్కటిగా అందులో కరిగిపోయింది. చివరకు 1930వ దశకంలో పత్రిక మూతబడింది. అప్పటికి లక్షలు ఆర్జించిన బారిష్టరు చేతిలో మిగిలినది దాదాపు ఏమీలేదు. ఇవ్వడం తెలిసిన మనిషికి దాచుకోవడం తెలియలేదు. ఈ గుణం ఆయన బలమూ, బలహీనతా కూడ అయింది.

1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ రాకకు నిరసనగా మద్రాసులో హర్తాళు జరిగింది. హైకోర్టు సమీపంలో పోలీసులు కాల్పులు జరిపారు, ఒకరు మరణించారు. మృతదేహాన్ని చూడడానికి ముందుకు నడచిన ప్రకాశం గారిని తుపాకులతో అడ్డగించారు. ఆయన చొక్కా గుండీలు విప్పి రొమ్ము చూపి కాల్చమన్నారు. తుపాకులు దిగాయి, దారి వదిలారు. నాటినుండి జనం ఆయనను ఆంధ్రకేసరి అని పిలుచుకున్నారు. ఆ బిరుదులో ఆంధ్ర అన్న మాట ఉన్నా, ఆ సంఘటన జరిగినది చెన్నపట్నం వీధిలో. ఆ రోజు ఆయన వెనుక నిలిచిన గుంపులో తెలుగువారెవరో తమిళులెవరో విడదీసి చెప్పడం ఎవరితరమూ కాదు.

మగ్గమా, మిల్లా

1937లో రాజాజీ గారి మంత్రివర్గంలో ప్రకాశం గారు రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ రైతుల స్థితిగతులను విచారించే సంఘానికి అధ్యక్షులై, భూమి దున్నే రైతుదే అన్న భావన ప్రధానంగా 1938లో నివేదిక సమర్పించారు. కార్వేటినగరం, కాళహస్తి, పుంగనూరు, కంగుంది వంటి జమీందారీల నీడలో బ్రతికిన మన ప్రాంతపు రైతులకు అది పట్టని విషయం కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో మంత్రివర్గం రాజీనామా చేసింది. క్విట్ ఇండియా ఉద్యమంలో ఆయన మూడేళ్ళు జైలులో గడిపారు.

1946 ఏప్రిల్ 30న ప్రకాశం గారు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రి అయ్యారు. నాటికి ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. కాంగ్రెసు అధిష్ఠానం, గాంధీజీ రాజాజీ గారిని కోరుకున్నారు. శాసనసభ్యులలో తెలుగువారు, కామరాజ్ గారి వర్గంవారు అందుకు సమ్మతించలేదు. కామరాజ్ గారి వర్గం మరొకరిని నిలబెట్టినా చివరకు గెలుపు ప్రకాశం గారిదే అయింది.

ఆయన పదవిలో ఉన్నది పదకొండు నెలలకన్న తక్కువే. ఆ కొద్దికాలంలో రెండు పనులు తలపెట్టారు. ఒకటి ఫిర్కా అభివృద్ధి పథకం. కొన్ని ఊళ్ళను కలిపి ఒక ఫిర్కాగా తీసుకొని నీరు, దారులు, ఖాదీ, కుటీర పరిశ్రమలు అన్నింటినీ ఒక్కచోట పెంపొందించాలన్నది దాని ఉద్దేశం. రెండవది ఇంకా సాహసమైనది. యుద్ధానంతర ప్రణాళికలో మద్రాసుకు వచ్చే కొత్త బట్టల మిల్లులను, అదనపు కదుళ్ళను ఆయన వద్దన్నారు. మిల్లులు పెరిగితే రాట్నం, మగ్గం చస్తాయని ఆయన వాదం.

మిల్లుల యజమానులు మండిపడ్డారు. స్వపక్షంలో కూడ పలువురు ఇది అభివృద్ధికి అడ్డమన్నారు. ఆర్థికశాస్త్రం తెలిసినవారు నేటికీ ఆ నిర్ణయాన్ని విమర్శిస్తారు. వారి మాటలో నిజం ఉన్నది. దేశమంతటికీ బట్ట కావలసిన కాలంలో యంత్రాన్ని కాదనడం సాధ్యమయ్యే పని కాదు. కాని గుడియాత్తం మగ్గాల చప్పుడు విని పెరిగిన మనకు రెండవవైపు కూడ తెలుసు. మిల్లుబట్ట ధర ముందు లుంగీ నేసే చేయి ఎలా ఓడిపోతుందో, ఒక మగ్గం ఆగితే ఇంట్లో ఎన్ని చేతులు ఖాళీ అవుతాయో మనం కళ్ళారా చూచాము. ప్రకాశం గారి మందు సరియైనది కాకపోవచ్చు. రోగం మాత్రం ఆయన సరిగానే గుర్తించారు.

1947 మార్చిలో స్వపక్ష సభ్యుల విశ్వాసం కోల్పోయి ఆయన పదవి విడిచారు. ఓమందూరు రామస్వామి రెడ్డియార్ గారు ఆ స్థానంలోకి వచ్చారు. ప్రకాశం గారిని దించినవారిలో కామరాజ్ గారి వర్గం కూడ ఉన్నది. ఏడేళ్ళ తరువాత 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ గారు శాసనసభకు ఎన్నికైనది మన గుడియాత్తం ఉపఎన్నికలోనే. ఆ విధంగా నాటి మద్రాసు రాజకీయం మన ఇంటి గుమ్మం దాకా వచ్చింది.

చెన్నపట్నం చిక్కు

తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న కోరిక 1913లో బాపట్లలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభ నాటిది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత అది తీరుతుందని అందరూ ఆశించారు. 1949 ఏప్రిల్‌లో నెహ్రూ, పటేల్, పట్టాభి గార్ల సంఘం తన నివేదికలో, చెన్నపట్నంపై హక్కు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేయవచ్చునని తెలిపింది. ఆ వెంటనే ఆస్తులు, అప్పులు పంచడానికి ఒక విభజన సంఘం ఏర్పడింది. అందులో ప్రకాశం గారు కూడ సభ్యులు.

ఇక్కడ ఆయన జీవితంలో అతి క్లిష్టమైన ఘట్టం వచ్చింది. 1950 జనవరి 26న గణతంత్రం అవతరించేలోగా ఆంధ్ర రాష్ట్రం వస్తుందని ఆశ పుట్టింది. కాని చెన్నపట్నాన్ని విడిచే షరతుకు ప్రకాశం గారు ఒప్పుకోలేదు. తన భిన్నాభిప్రాయాన్ని వ్రాసి ఇచ్చారు. ఏకాభిప్రాయం లేదన్న కారణంతో ఢిల్లీ ప్రభుత్వం విషయాన్ని వాయిదా వేసింది.

ఆయన పట్టు తప్పా, ఒప్పా? ఆయన దృష్టితో చూస్తే చెన్నపట్నం పరాయి ఊరు కాదు. 1907 నుండి 1921 వరకు అక్కడే వాదించారు, అక్కడే పత్రిక పెట్టారు, అక్కడే తుపాకికి రొమ్ము చూపారు. తెలుగువారి విద్య, వ్యాపారం, ముద్రణాలయాలు అక్కడే పెరిగాయి. తమిళుల దృష్టితో చూస్తే ఆ నగరంలో అధిక సంఖ్యాకులు తమిళులు, చుట్టూ ఉన్నవి తమిళ పల్లెలు. ఇరువురి మాటలోనూ బలం ఉన్నది. కాని వాయిదాపడిన ఆ మూడేళ్ళలో ఒక ప్రాణం పోయింది.

1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట నిరాహార దీక్ష ప్రారంభించారు. 58 రోజుల దీక్ష అనంతరం డిసెంబరు 15న కన్నుమూశారు. ఆంధ్ర ప్రాంతం అట్టుడికింది. పలుచోట్ల కాల్పులు జరిగాయి. డిసెంబరు 19న నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. వివాదం లేని పదకొండు తెలుగు జిల్లాలు, బళ్ళారి జిల్లాలోని మూడు తాలూకాలు అందులో చేరాయి. చెన్నపట్నం చేరలేదు. 1949లో వద్దన్న షరతుతోనే 1953లో రాష్ట్రం వచ్చింది. వయసులో ఎనభై దాటిన ప్రకాశం గారు ఆ నిజాన్ని మింగుకొని కొత్త రాష్ట్ర బాధ్యత తలకెత్తుకున్నారు. పట్టుబట్టడంలోనే కాక, పట్టు విడవడంలోనూ ధైర్యం ఉంటుందని ఆ వృద్ధుడు చూపారు.

గుడారాలలో రాజధాని

కొత్త రాష్ట్రం పుట్టకముందే ఇంటిలో రెండవ తగవు సిద్ధంగా ఉన్నది. కృష్ణా, గోదావరి కాలువల క్రింద పంటలు పండే కోస్తా ఒకవైపు, వానకోసం ఆకాశం చూచే రాయలసీమ మరొకవైపు. కలిసి ఉంటే బలమైనవారు తమను అణచివేస్తారని సీమవాసుల భయం. ఆ భయం తీర్చడానికి 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి శ్రీబాగ్ భవనంలో ఇరుప్రాంతాల పెద్దలు ఒక ఒడంబడికకు వచ్చారు. నదీజలాలలో వెనుకబడిన సీమకు, నెల్లూరుకు ముందు అవకాశం ఇవ్వాలి. రాజధాని, హైకోర్టు రెండూ ఒకేచోట ఉండకూడదు. అందులో ఏది కావాలో ఎంచుకొనే హక్కు సీమది. ఇవి దానిలోని ముఖ్యమైన అంశాలు.

ఇటువంటి చిక్కు మనకే వచ్చినదని అనుకోనక్కరలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఏర్పడిన తొలి రోజులలో ఉత్తరాదివారికి వర్తకం, పరిశ్రమలు. దక్షిణాదివారికి బానిసల చెమటతో సాగే పెద్ద కమతాలు. స్వాతంత్ర్య యుద్ధం కోసం ఒక్కొక్క రాష్ట్రం చేసిన అప్పును కేంద్రమే తీర్చాలని ఆర్థిక మంత్రి హామిల్టన్ కోరాడు. తమ అప్పులు చాలవరకు తీర్చుకున్న వర్జీనియా వంటి దక్షిణాది రాష్ట్రాలు ఎదురుతిరిగాయి. 1790లో హామిల్టన్, జెఫర్సన్, మాడిసన్ మధ్య రాజీ కుదిరింది. అప్పులు కేంద్రం మోస్తుంది, బదులుగా రాజధాని దక్షిణాదికి దగ్గరగా పోటోమాక్ నది ఒడ్డుకు వస్తుంది. ఫిలడెల్ఫియాలో పదేళ్ళు ఉన్న తరువాత 1800లో రాజధాని వాషింగ్టన్‌కు తరలింది. ఒకరికి సొమ్ము, మరొకరికి స్థానం. శ్రీబాగ్‌లో ఒకరికి రాజధాని, మరొకరికి హైకోర్టు. ఊళ్ళు వేరు, లెక్క ఒకటే. అయితే అక్కడ బానిసత్వమన్న అసలు పుండును కట్టుకట్టి దాచిపెట్టారు గనుక అది 1861లో అంతర్యుద్ధమై పగిలింది. పంపకంలో ఏది అడగకుండా వదిలేస్తామో అదే ముందు తరాలకు బాకీగా మిగులుతుంది.

ప్రకాశం గారు కోస్తాలో పుట్టినవారు. విజయవాడ, గుంటూరుల కోసం వాదించేవారు ఎందరో ఉన్నారు. అయినా శ్రీబాగ్ మాట నిలబెట్టి కర్నూలును రాజధానిగా చేయడానికి ఆయన మొగ్గారు. 1953 అక్టోబరు 1న కర్నూలులో నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు. ప్రకాశం గారు ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి గారు ఉపముఖ్యమంత్రి, చందూలాల్ త్రివేది గారు గవర్నరు. ఈ పదవి చేపట్టడానికి ప్రకాశం గారు తాము ఉన్న ప్రజా సోషలిస్టు పార్టీని కూడ విడిచారు. కర్నూలులో కార్యాలయాలకు భవనాలు లేవు. గుడారాలు వేసి దస్త్రాలు తెరిచారు. చెన్నపట్నం మేడలలో పనిచేసిన ఉద్యోగులు ఎండలో గుడ్డపైకప్పుల క్రింద కూర్చొని ఒక ప్రభుత్వాన్ని మొదలుపెట్టారు. 1954లో హైకోర్టు గుంటూరుకు వచ్చింది. అదే సంవత్సరం తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. మన సరిహద్దు పల్లెల నుండి ఎందరో తెలుగు విద్యార్థులు తరువాతి కాలంలో ఆ మెట్లెక్కి పట్టాలు పుచ్చుకున్నారు.

1952లో తెగిన కృష్ణ ఆనకట్ట స్థానంలో విజయవాడ వద్ద కొత్త బ్యారేజీకి 1954లో పునాది పడింది. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ నేడు ఆయన పేరుతోనే నిలిచి ఉన్నది.

ఒక్క ఓటు

కొత్త రాష్ట్రపు ఖజానా బరువైనది కాదు. విభజనకు ముందే న్యాయమూర్తి వాంఛూ గారి నివేదిక రాబడికన్న ఖర్చు ఎక్కువ ఉంటుందని లెక్కకట్టింది. మద్యనిషేధం వలన ప్రభుత్వానికి రావలసిన కల్లు, సారా ఆదాయం కూడ లేదు. నిషేధం నామమాత్రమైనదని, దొంగసారా పెరిగిందని, గీతవృత్తివారు ఉపాధి కోల్పోయారని విమర్శలు వచ్చాయి. దానిని పరిశీలించడానికి రామమూర్తి గారి సంఘం కూడ ఏర్పడింది. అయినా ప్రకాశం గారి ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తివేయలేదు.

1954 నవంబరు 6న ఈ విషయంపైనే శాసనసభలో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒకే ఒక ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రం కోసం జీవితమంతా నిరీక్షించిన మనిషి ముఖ్యమంత్రిగా పదమూడు నెలలే ఉన్నారు. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఎన్నికల తరువాత బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. ప్రకాశం గారు మళ్ళీ అధికారంలోకి రాలేదు.

పదవి పోయినా ఆయన తిరగడం మానలేదు. మండుటెండలో ఒంగోలు ప్రాంతంలో పర్యటించి వడదెబ్బ తగిలి అస్వస్థులయ్యారు. 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి వయస్సు 84 సంవత్సరాలు. వారసులకు విడిచిపోవడానికి ఆస్తి లేదు. నా జీవిత యాత్ర అన్న స్వీయచరిత్ర మిగిలింది. దాని చివరి భాగాన్ని సహచరులైన తెన్నేటి విశ్వనాథం గారు వ్రాసి పూర్తిచేశారు. ఆయన పుట్టిన ప్రాంతంతో 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు.

గీతకు ఈవల మిగిలినవారు

ఇక పిల్లలు అడిగిన ప్రశ్నకు వద్దాము. మన గీత ఒక్కనాడు పడినది కాదు. మొదట చిత్తూరు పట్టణమే ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడింది. వేలూరు, గుడియాత్తం ఉత్తర ఆర్కాటులో మిగిలాయి. నాడు అది ఒకే రాష్ట్రంలోని రెండు జిల్లాల మధ్య గీత మాత్రమే. ఎవరూ పట్టించుకోలేదు. 1953లో చిత్తూరు జిల్లా ఆంధ్రకు వెళ్ళడంతో ఆ గీతే రాష్ట్రాల ఎల్ల అయింది.

చిత్తూరు జిల్లాలోని తమిళ ప్రాంతాల కోసం మ.పొ. శివజ్ఞానం గారు, మంగళంకిళార్ గారు ఉద్యమించారు. తెలుగువారు తమ ఊళ్ళ కోసం పట్టుబట్టారు. చివరకు హరి వినాయక్ పటాస్కర్ గారిని మధ్యవర్తిగా ఒప్పుకున్నారు. గ్రామాన్ని ప్రమాణంగా తీసుకోవాలి, అందులో అధిక సంఖ్యాకుల భాషను చూడాలి, ఊరు ఆ రాష్ట్రాన్ని ఆనుకొని ఉండాలి. ఇవే ఆయన సూత్రాలు. ఆ ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో కలిసాయి. అప్పటికి ప్రకాశం గారు మరణించి దాదాపు మూడేళ్ళు.

ఈ సూత్రాలు న్యాయమైనవే. వాటికన్న మేలైనవి చెప్పడం కష్టం. కాని ఊరిలో సగంకన్న తక్కువమంది ఉన్నవారిని, నాలుగు తమిళ పల్లెల నడుమ ఉన్న ఒక తెలుగు వీధిని ఏ సూత్రమూ లెక్కించలేదు. చెన్నపట్నం కోసం పెద్దలు వాదించుకున్న రోజులలో మన జోలార్పేట, నాట్రంపల్లి, గుడియాత్తం పల్లెల తెలుగు కుటుంబాల మాట ఎవరి నోటా ప్రధానం కాలేదు. అలాగే ఆవల చిత్తూరు జిల్లాలో మిగిలిన తమిళ కుటుంబాల మాట కూడ. ఎక్కడ గీసినా గీతకు ఇరువైపులా కొందరు మిగులుతారు.

అలా మిగిలినవారి కోసమే 1956లో రాజ్యాంగానికి 350ఎ అధికరణం చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని దాని సారాంశం. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుండి దశలవారీగా తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. దానిపై భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానాలకు కూడ వెళ్ళారు. మనం పుట్టిన నేల భాష నేర్చుకోవడం మన పిల్లలకు మేలే. రెండు భాషలు బోధించే ఉపాధ్యాయునిగా ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. కాని తమిళం వచ్చినంత మాత్రాన తెలుగు పోనక్కరలేదు. తెలుగు తరగతిలో పిల్లలు చేరకపోతే తెలుగు ఉపాధ్యాయుని పదవి ఉండదు. ఆ పదవి పోయిన తరువాత అధికరణం కాగితం మీదనే మిగులుతుంది. బడిలో చేర్చేటప్పుడు తెలుగు కావాలని అడగవలసినది తల్లిదండ్రులే.

ప్రకాశం గారు కోరినదంతా పొందలేదు. చెన్నపట్నం రాలేదు, మిల్లులు ఆగలేదు, పదవి నిలువలేదు. తన వాటా తగ్గినదని ఆయన పని మానలేదు. దొరికిన గుడారంలోనే దీపం వెలిగించారు. ఆయన పత్రిక తమిళంలోనూ తెలుగులోనూ వెలువడినట్లే మన ఇళ్ళు కూడ రెండు భాషలలో బ్రతుకుతున్నాయి. పటం మీద గీత పెద్దలు గీసినది, దానిని మార్చే శక్తి మనకు లేదు. ఇంటిలో పిల్లలతో ఏ భాషలో మాట్లాడాలో, ఏ అక్షరాలు దిద్దించాలో నిర్ణయించేది మాత్రం మనమే. మల్లానూరు దాటిన రైలులో మన మనుమలు పేరుపలకపై తెలుగును, తమిళాన్ని రెంటినీ తడుముకోకుండా చదవగలిగిననాడు ఆ పంపకంలో మన వాటా మనకు దక్కినట్లే.